నట్టు బిగించడం నామోషీ

మన గోదావరి జిల్లాల్లో టార్క్ రెంచ్ వాడకాన్ని వెంటనే నిషేధించాలని ప్రభుత్వాన్ని గట్టిగా కోరుతున్నాను. ఆ పానాతో జరిగే నష్టం అంతా ఇంతా కాదు. అది పట్టుకున్నవాడు నట్టుని కంపెనీ చెప్పినంతే బిగిస్తాడు. అంత బిగిస్తే అది వదులవదు. వదులవకపోతే బండిలో అది పట్టి ఉంచే పుల్లీ అరగదు, పుల్లీ అరగకపోతే దాన్ని తిప్పే షాఫ్టు అరగదు. మరి మెకానిక్ షెడ్డు, లేత్ షాపు, వెల్డింగ్ షాపు, వాటి ముందున్న టీ కొట్టు ఏమైపోవాలి? ఒక్క నట్టు కోసం ఇంతమంది పొట్ట కొడతారా? అసలు మన షెడ్లలో టార్క్ రెంచ్ ఎక్కడుందని అడక్కండి. లేదు. రేపు వస్తే ఏంటని నా భయం.

మా పక్క ఊళ్లో రొయ్యల చెరువులు చేసే ఒకాయన, ధర బాగా పలికిన ఏడాది ఒక పెద్ద బండి కొన్నారు. సెకండ్ హ్యాండే గానీ దానికి చైను ఉండదు, వెనక చక్రానికి బెల్టు. నరసాపురం రేవులో పంటు ఎక్కించి సఖినేటిపల్లి వైపు దింపుతుంటే కుర్రాళ్లు పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు. గేర్‌బాక్సులోంచి బయటికొచ్చే షాఫ్టు చివర నిలువు గాట్లుంటాయి, వాటినే స్ప్లైన్లు అంటారు. బెల్టుని తిప్పే పుల్లీ లోపలా అలాంటి గాట్లే. ఒకదాన్లో ఒకటి దూరి కూర్చుంటాయి, పైన పెద్ద నట్టు. చైన్ బండికైతే పుల్లీ బదులు చిన్న పళ్ల చక్రం, మనవాళ్లు సాకెట్ అనేది దాన్నే. (చాలా 100 సీసీ బళ్లలో ఆ సాకెట్‌కి కంపెనీవాళ్లే కాస్త ఆట, అంటే కదిలే సందు, వదుల్తారు. అది చూసి కంగారుపడి వెల్డింగ్ టాకా కొట్టించుకునే పుణ్యాత్ములూ ఉన్నారు.) ఇంటింటా తిరిగే గేర్లు లేని స్కూటర్లోనూ డబ్బా లోపల పుల్లీ, బెల్టే. అక్కడ పుల్లీ నేరుగా క్రాంక్ షాఫ్టు మీదే కూర్చుంటుంది కాబట్టి ఆ గాట్లు పోతే ఇంజను మొత్తం విప్పాల్సిందే. వెల్డింగ్ వర్గాలు ఆ స్కూటర్ల మీద చాలా ఆశలు పెట్టుకున్నాయి.

బండిని లాగే పని గాట్లదే. పుల్లీని కదలకుండా అదిమి పట్టే పని మాత్రం నట్టుది. అది వదులైతే పుల్లీ వెంట్రుకవాసి ఊగుతుంది, రేజ్ ఇస్తే ముందుకి, వదిలితే వెనక్కి. ఊగిన ప్రతిసారీ టక్‌మంటుంది.

దసరాకి ఆయన బండికి ఘనంగా ఆయుధపూజ చేయించారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. సంక్రాంతి దగ్గరపడ్డా పుల్లీ నడిమధ్య, నట్టు చుట్టూ ఎర్రటి పొడి అలాగే ఉంది. కడిగితే పోతుంది, నాలుగు రోజులకి మళ్లీ వస్తుంది. పనికుర్రాడు గుడ్డ తీసుకుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఒరే, అమ్మవారి కుంకుమరా అది. ఉండనీ" అన్నారు. ఇనుము ఇనుముతో రాసుకుని రాల్చిన తుప్పు అది. ఆ పొడి మామూలు ఇనుము కంటే గట్టిది. అంటే షాఫ్టు అరిగినకొద్దీ, దాన్ని ఇంకా అరగదీసే సరుకు అక్కడికక్కడే తయారవుతుంది. చెరువు గట్ల ఉప్పు గాలి పెట్టుబడి పెడుతుంది. స్వయం ఉపాధి పథకాలు ప్రకటించే నాయకులు ఒకసారి వచ్చి ఆ నట్టుని దర్శించుకోవాలి.

చివరికి బండి షెడ్డుకెళ్లింది. నట్టు సైజు పానా లేదు కాబట్టి ఉలి ఆనించి సుత్తి అందుకున్నారు. కొన్ని బళ్లకి ఈ నట్టు ఎడమ మర ఉంటుంది, మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుస్తుంది. మావాళ్లు అరగంట సుత్తి వాయించాక గానీ ఆ సంగతి ఒప్పుకోలేదు. ఆ నట్టుకి జన్మలో మొదటిసారి సరైన బిగువు దక్కింది ఆ అరగంటలోనేనని నా అనుమానం.

మొదటి వైద్యం కూల్‌డ్రింక్ టిన్ను. దాని గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. కత్తెరతో సన్నటి పట్టీ కోసి, గాట్ల మీద చుట్టి, పైనుంచి పుల్లీని సుత్తితో దింపారు. షాఫ్టు గట్టిది, టిన్ను మెత్తనిది. ఆయన అంతర్వేది వెళ్లి దర్శనం చేసుకుని వచ్చేలోపు అది నలిగి పొడైపోయింది. ఈసారి నట్టు చుట్టూ బూడిద రంగు. విభూది అని ఎవరూ అనలేదెందుకో. తర్వాత బ్లేడు ముక్కలు పెట్టారు, పంచ్‌తో చుక్కలు కొట్టారు. షాఫ్టు మొద్దుబారలేదు, పంచ్ మొద్దుబారింది.

"ఇలా లాభం లేదండి బాబూ, టాకా కొట్టేద్దాం. చచ్చినా కదల్దు."

"మరి మళ్లీ విప్పాలంటేనో?"

"కదలనిదాన్ని ఎందుకు విప్పుతామండీ?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగల ఇంజనీరింగ్ కాలేజీ మన జిల్లాల్లో లేదు. పుల్లీ వెనకే గేర్‌బాక్సు ఆయిల్ సీలు ఉంటుంది. అది రబ్బరు, 100 డిగ్రీలు దాటి ఏ కాస్తో ఓర్చుకుంటుంది. వెల్డింగ్ చోట ఇనుము కరిగేది 1500 డిగ్రీల దగ్గర. రెండింటి మధ్య దూరం బొటనవేలంత. షాఫ్టు పైపొర ఒక మిల్లీమీటరు లోపు మందాన మాత్రమే గట్టిపరిచి ఉంటుంది, ఆ వేడికి ఆ గట్టిదనమూ పోతుంది. వెల్డింగ్ మిషను ఎర్త్ క్లిప్పు పుల్లీకి పక్కన కాకుండా ఎక్కడో ఫ్రేముకి తగిలించారు కాబట్టి కరెంటు బేరింగుల గుండా తీరిగ్గా ప్రయాణించింది. బ్యాటరీ తీగ విప్పమని అడిగిన టీ కుర్రాడిని అందరూ కలిసి కేకలేశారు.

ఇదంతా అక్కర్లేని దారి ఒకటుందని కొందరు చదువుకున్నవాళ్లు ప్రచారం చేస్తున్నారు. కొత్త పుల్లీ తెచ్చి షాఫ్టు మీద పెట్టి చేత్తో ఊపి చూడాలట. ఆట లేకపోతే అరిగింది పాత పుల్లీయేనట. కొంచెం ఆట ఉంటే గాట్లు శుభ్రంగా కడిగి, సందు నింపి పట్టి ఉంచే మందు రాసి, కొత్త నట్టూ కొత్త లాక్ వాషరూ వేసి బిగించి, 24 గంటలు బండి కదపకూడదట. ఒక రోజంతా బండి లేకుండా భీమవరం సెంటర్లో ఆయన ముఖం ఎలా చూపించాలి? గాట్లు మొనతేలిపోతే మాత్రం గేర్‌బాక్సు విప్పి షాఫ్టే మార్చాలట. బిగువుకీ లెక్కలున్నాయట. ఆరు మిల్లీ బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్లు, పెద్ద పుల్లీ నట్టుకి కొన్ని బళ్లలో 100 దాటి. మన దగ్గర బిగువుకి కొలత మూలుగు. మేస్త్రి "ఉమ్" అంటే చిన్న బోల్టు, నరాలు తేలేలా "ఉమ్మ్మ్" అంటే పెద్దది. తరతరాల ఈ విద్యని అంకెలకి తాకట్టు పెట్టమంటారా?

అలాగని మనకి సందు విలువ తెలియదని ఎవరైనా అంటే ఊరుకోను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిన దగ్గర్నుంచీ మనం కాలువ గట్ల మీదే బతుకుతున్నాం. ఎలుక బొక్కలోంచి నీరు ఊరుతోందంటే అర్ధరాత్రయినా ఇసక బస్తాలతో పరిగెడతాం. పట్టించుకోకపోతే తెల్లారేసరికి గండి పడుతుందని బడికెళ్లే పిల్లాడికీ తెలుసు. ఆ బస్తాలు మోసేవాళ్లలో మన చెరువులాయనే ముందుంటారు. షాఫ్టు టక్‌మన్నప్పుడు మాత్రం సైలెన్సర్ మార్పించి బండి చప్పుడు పెంచారు.

టాకా కొట్టాక పుల్లీ నిజంగానే కదల్లేదు. కాకపోతే వంకరగా అతుక్కుంది, బెల్టు ఒక పక్కకి లాగి అంచు చిరుగుతోంది. కాలిన సీలులోంచి ఆయిల్ కారి ఆ బెల్టు మీదే పడుతోంది. సీలు మార్చాలంటే పుల్లీ తియ్యాలి, పుల్లీ తియ్యాలంటే కొయ్యాలి, కోస్తే షాఫ్టు పోతుంది, షాఫ్టు పోతే గేర్‌బాక్సు విప్పాలి. అంటే మొదటి రోజే చెయ్యాల్సిన పని, మధ్యలో ఇంతమందికి కూలి దక్కించి చేస్తామన్నమాట.

ఆయన అదీ చెయ్యలేదు. ఆయిల్ తుడిపించి, బండి కడిగించి, "టిప్‌టాప్ కండిషన్, మొన్ననే షాఫ్టు పని చేయించాం" అని అమ్మకానికి పెట్టారు. రాజోలు వైపు నుంచి వచ్చిన కుర్రాడు కిందికి వంగి చూసి, "ఇదేంటండీ, ఇక్కడ అతికేశారు?" అన్నాడు.

"అది కంపెనీ ఫిట్టింగు బాబూ. ఫారిన్ బళ్లకి అంతే. నట్టు గొడవే ఉండదు."

కుర్రాడు అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాడు.