వండూర్‌లో లాంచీ ఎక్కాలా, వద్దా?

(దేవరకొండలో మా ఇంటి వరండా. సంక్రాంతి సెలవులకు అండమాన్ వెళ్దామని మా ఆవిడ సరోజ పట్టు. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే మా చెల్లెలు మాధవి వద్దంటుంది. టికెట్లు కొనాల్సింది నేనే కాబట్టి నోరు మెదపకుండా విన్నాను.)

సరోజ: పోర్ట్ బ్లెయిర్, అదే 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు, అక్కడ దిగి వండూర్ వెళ్తాం. లాంచీ ఎక్కితే జాలీ బాయ్ దీవి. ఊరు లేదు, హోటల్ లేదు, రాత్రి ఉండనివ్వరు. తెల్లటి ఇసుక, మాస్కు పెట్టుకుని తల ముంచితే పగడాలు. ఇందులో తప్పేముంది?

మాధవి: మనుషులు లేరంటే ఎవరూ లేరని కాదు వదినా. మీరు రాయి అనుకునేది వేల ప్రాణులు కలిసి కట్టుకున్న గూడు. గుండ్రటి బండలా ఎదిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఒక్క తన్ను చాలు, ఏళ్ల ఎదుగుదల పోతుంది.

సరోజ: నాకు ఈత రాదనుకున్నావా?

మాధవి: వచ్చు. వ్యవసాయ బావిలో నేర్చుకున్నారు, నా భయం అదే. బావిలో ఊపిరి సలపకపోతే కాలు మెట్టు కోసం వెతుకుతుంది. మాస్కుతో పెట్టుకునే ఊపిరి గొట్టంలోకి ఉప్పునీళ్లు రాగానే అక్కడా వెతుకుతుంది. దొరికేది పగడమే.

(సరోజ వెంటనే జవాబు చెప్పలేదు. పల్లీలు ఒలుస్తూ కాసేపు ఊరుకుంది.)

సరోజ: సరే, భయమేస్తే నీళ్లలో దిగను. అడుగున అద్దం బిగించిన పడవలుంటాయి, వాటిలోంచి చూస్తాను. ఆ దీవి ఉన్నది 1983లో ఏర్పడిన సముద్ర జాతీయ పార్కులో. లాంచీ ఎక్కే ముందే సంచులు వెతికి ప్లాస్టిక్ తీసేయిస్తారు. మనం నాగార్జునకొండ లాంచీలో వెళ్లినప్పుడు చిప్స్ పొట్లాలు నీళ్లలో తేలడం నువ్వూ చూశావు.

మాధవి: సంచి వెతుకుతారు, ఒంటికి పూసుకున్నది ఎవరు వెతుకుతారు? పగడాలకు హాని చేస్తుందని, ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ క్రీముల అమ్మకాన్ని హవాయిలో 2021 నుంచి ఆపేశారు. పైగా సముద్రమే కాగుతోంది. 2010 ఎండాకాలం అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. నీళ్లు వేడెక్కితే పగడం తనలో ఉంటూ తనకు తిండి చేసిపెట్టే శైవలాలను, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచును, బయటికి నెట్టేస్తుంది. రంగు పోతుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది.

సరోజ: నేను ఇంట్లో కూర్చుంటే సముద్రం చల్లబడుతుందా?

మాధవి: విమానం పొగ లెక్కలోకి రాదా?

సరోజ: నీ విద్యార్థులను హంపీకి బస్సులో తీసుకెళ్లావు కదా, ఆ బస్సుకు పొగ రాలేదా?

(ఇద్దరూ దారి తప్పారు. ఇక్కడ నేను పల్లీల గిన్నె పక్కకు జరిపాను.)

మాధవి: నా మాట ఒకటే. పగడాలకు విశ్రాంతి కావాలి. థాయిలాండ్‌లో మాయా బే అనే అఖాతాన్ని 2018లో మూసేశారు. జనం పోయాక నల్లరెక్క సొరచేపలు ఒడ్డు దాకా తిరిగొచ్చాయి.

సరోజ: 2022లో మళ్లీ తెరిచారు, అది చెప్పవేం? పడవలను ఆ అఖాతంలోకి రానివ్వకుండా, జనాన్ని లెక్కపెట్టి పంపుతున్నారు. జాలీ బాయ్‌లోనూ అంతే. ఏడాదిలో కొన్ని నెలలు దాన్ని మూసి పక్కనున్న రెడ్ స్కిన్ దీవి తెరుస్తారు. నువ్వు అడిగే విశ్రాంతి అదే.

(నా మటుకు నాకు ఇదే బలమైన మాట. పూర్తిగా మూసేస్తే కాపలాకు డబ్బు పెట్టే ఓపిక ప్రభుత్వాలకు ఎన్నాళ్లుంటుంది? అయినా పైకి అనలేదు.)

మాధవి: ఆ మూసిన నెలలు సరిపోతాయని నేను ఒప్పుకోను. వెళ్తే మాత్రం క్రీము వద్దు, పిల్లలకు కూడా పొడుగు చేతుల ఈత బట్టలు కొనండి. కాలికి రెక్కల చెప్పులు కట్టుకోవద్దు, కొత్తవాళ్లకు అవి ఎక్కడ తగులుతున్నాయో తెలియదు.

సరోజ: సరే, ఇంకా?

మాధవి: రేపు బావిలో మెట్టు ముట్టకుండా పావుగంట తేలి చూపించండి. నేను గట్టు మీద కూర్చుంటాను.

సరోజ: మోటారు వేయకముందే రా, నీళ్లు నిండుగా ఉంటాయి. ఏవండీ, టికెట్లు ఎల్లుండి తీయండి.