రాగి రేకు మీద రాసుకుందాం

విదేశీ పెట్టుబడిని తిట్టేవాళ్లంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. గడప తొక్కిన అతిథిని కూర్చోమని అనకుండానే ‘ఎందుకొచ్చావు, ఏం పట్టుకుపోతావు’ అని నిలదీసే మర్యాద లేని మనుషులు వాళ్లు. అలాంటివాళ్లను ఒక ఏడాది మధ్య ఆఫ్రికాలోని కాంగోలో ఉంచి మర్యాద నేర్పించాలి. ఆ దేశం నూటముప్పై ఏళ్లకు పైగా వచ్చినవాడికల్లా పీట వేసింది. కొందరు పీటతో సరిపెట్టుకోలేదు, పీట కింద నేల కూడా అడిగారు. అదీ ఇచ్చింది. ఆ నేలలో రాగి ఉండటం అతిథుల తప్పు కాదు కదా!

కాంగోకు ఆగ్నేయ మూలన ఉన్న కటంగాలో రాగిని ఎవరూ వచ్చి కనిపెట్టాల్సిన అవసరం లేకపోయింది. తెల్లవాళ్లు రాకముందే అక్కడివాళ్లు శతాబ్దాల తరబడి పచ్చటి మాలకైట్ రాయిని కరిగించి, సిలువ ఆకారంలో కడ్డీలు పోసి, వాటినే డబ్బుగా వాడుకున్నారు. అంటే పెట్టుబడి రాకముందే వాళ్ల దగ్గర పెట్టుబడి ఉంది. పాపం, ఆ సంగతి వాళ్లకు చెప్పే సలహాదారుడు అప్పట్లో లేడు. 1891లో బెల్జియం రాజు లియోపోల్డ్ తరఫున స్టెయిర్స్ అనే కెనడా అధికారి దండుతో వచ్చి, అక్కడి రాజు మ్సిరితో చర్చలు జరిపాడు. ఎజెండాలో ఒకటే అంశం: లియోపోల్డ్ జెండా ఎగరెయ్యాలి. మ్సిరి ఒప్పుకోలేదు. డిసెంబరు 20న బోడ్సన్ అనే కెప్టెన్ ఆయన్ను కాల్చి చంపాడు. అవగాహన ఒప్పందాలకు నమూనా పత్రాలు ఇంకా తయారుకాని కాలం, తొందరలో అలా జరిగిపోయి ఉంటుంది. ఏమైతేనేం, అవగాహన కుదిరింది.

ఆ తరవాతి కథ నలుగురికీ తెలిసిందే. 1906లో యూనియన్ మినియేర్ అనే బెల్జియం కంపెనీ పుట్టి అరవై ఏళ్లు తవ్వింది. 1960 జూన్ 30న దేశానికి స్వాతంత్ర్యం వస్తే, పదకొండు రోజులకే కంపెనీ అండతో కటంగా కొన్నేళ్లపాటు వేరు దేశమైపోయింది. 1967లో దేశాన్ని ఏలుతున్న నియంత మొబుటు గనులను జాతీయం చేశాడు. జాతి అంటే ఎవరన్న విషయంలో మాత్రం ఆయనకు కొంచెం సొంత అభిప్రాయం ఉండేది.

ఇక్కడ చిన్న పక్కదారి. మన భాషలో రాగి అంటే లోహం, రాగులంటే తిండిగింజలు. ఆ గింజ కూడా వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా ఎత్తుల నుంచే మనకు చేరింది. ఒప్పందం లేదు, రాయల్టీ లేదు. సంగటి ముద్ద తినే రాయలసీమ ఇళ్లకు ఇంతవరకూ ఎవరూ నోటీసు పంపలేదు. వ్యాపారం బొత్తిగా తెలియని ఖండం! అందుకే బయటివాళ్లు వచ్చి నేర్పాల్సి వస్తోంది.

వాళ్లు ఏం నేర్పారో కళ్లారా చూడాలంటే ఇంగా నుంచి కోల్వేజీ దాకా కరెంటు తీగల కింద నడవాలి. ఇంగా అట్లాంటిక్ తీరానికి దగ్గర, కాంగో నది కిందికి దూకే చోటు, కరెంటు పుట్టేది అక్కడ. కోల్వేజీ దేశానికి ఆ చివర, గనుల మధ్య. నడుమ 1,700 కిలోమీటర్లు. 1980ల మొదట్లో అప్పులు తెచ్చి ఈ రెంటికీ లైను వేశారు. దారిలో ఎన్నో ఊళ్లు. ఏ ఊరికీ దీపం లేదు. మన దగ్గరైతే తీగకు కొక్కెం తగిలించి మోటారు నడుపుకొనే నిపుణులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అక్కడ ఆ ముచ్చట కూడా తీరదు. ఆ తీగల్లో పారేది ఏకముఖ విద్యుత్తు, అదీ ఐదు లక్షల వోల్టుల స్థాయిలో. మధ్యలో దింపుకోవాలంటే కోట్లు పోసి ప్రత్యేక కేంద్రం కట్టాలి. కొక్కెం వేసినవాడు మాత్రం బిల్లు కట్టడానికి మిగలడు.

పోనీ గనులకు వేరే గతి లేక వేశారా అంటే, కటంగాలో అప్పటికే సొంత జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. మరి ఎందుకంటే, మీట తన చేతిలో ఉంటే కటంగా మళ్లీ వేరుపడతానని అనదని మొబుటు లెక్క వేసుకున్నాడని చాలామంది రాశారు. పెళ్లాం పుట్టింటికి వెళ్లకుండా చెప్పులు దాచిపెట్టే మొగుడి తెలివి ఇది. చెప్పులకు అప్పిచ్చిన బ్యాంకులకు మాత్రం వడ్డీ వస్తూనే ఉండింది.

కరెంటు తీగ చుట్టడానికి పనికొచ్చే లోహాన్ని చిలీ తరవాత ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా తవ్వుతున్నది ఈ దేశమే. ఏడాదికి 30 లక్షల టన్నులకు పైమాటే. కరెంటు ఉన్నది మాత్రం అటూఇటూగా ఐదుగురిలో ఒకరికి. ఇందులో వైరుధ్యం ఉందనేవాళ్లకు పాకశాస్త్రం తెలియదు. వంటవాడు వడ్డించిన తరవాత తింటాడు. పంక్తి ఇంకా లేవలేదు, అంతే.

రైలు సంగతీ వినాలి. అంగోలా తీరంలోని లోబిటో రేవు నుంచి కటంగా వైపు బ్రిటిష్ పెట్టుబడిదారులు పట్టాలు వేయించారు. అంగోలా అంతర్యుద్ధం వాటిని పీకేసింది. చైనా మళ్లీ వేసింది. ఆ తరవాత అదే మార్గానికి 55.3 కోట్ల డాలర్ల అప్పుతో అమెరికా ముందుకొచ్చింది. 2024 డిసెంబరులో బైడెన్ స్వయంగా లోబిటో వెళ్లి మురిసిపోయి వచ్చాడు. పాలకులు మారారు, జెండాలు మారాయి, ఇంజన్లు మారాయి. పట్టాలు గని దగ్గర మొదలై రేవు దగ్గర ఆగడం మారలేదు. కటంగా నుంచి రాజధాని కిన్షాసాకు నేరుగా రైలు మాత్రం నేటికీ లేదు. రాజధానికి రాగితో పనేముంది?

అన్నట్టు ఈ అమెరికాయే 2016లో టెంకే ఫుంగురుమే అనే మహా గనిని వదులుకుంది. ఫ్రీపోర్ట్ కంపెనీ తన వాటాను 265 కోట్ల డాలర్లకు ఒక చైనా కంపెనీకి అమ్ముకొని వెళ్లిపోయింది. కొన్నేళ్లు గడిచాక అమెరికా వెనక్కి తిరిగి, ‘అయ్యో, ఇక్కడ చైనావాళ్లున్నారే!’ అని గుండెలు బాదుకుంది. ఇల్లు అమ్మినవాడే కొన్నవాడిని చూసి దొంగ దొంగ అని అరవడం కొత్త రకం దౌత్యం.

చైనాను నేను తక్కువ చేయను. 2008లో కాంగోతో కలిసి సికోమీన్ అనే ఉమ్మడి గని కంపెనీకి చేసుకున్న ఒప్పందం చూడండి, ఎంత కుటుంబ వాత్సల్యం! గని వాటాలో చైనా కంపెనీలకు 68 శాతం, కాంగోకు 32. ప్రతిగా రోడ్లు, ఆసుపత్రులు. మొదట గనికీ, కట్టడాలకూ కలిపి 900 కోట్ల డాలర్లన్నారు. అప్పులు మరీ ఎక్కువవుతాయని అంతర్జాతీయ ద్రవ్య నిధి కన్నెర్ర చేస్తే 600కు దించారు. అందులో కట్టడాల వంతు 300. 2023లో కాంగో ప్రభుత్వ తనిఖీ అధికారులు లెక్క తీస్తే, రోడ్ల పేరిట పదిహేనేళ్లలో వచ్చింది 82.2 కోట్లని తేలింది. ఆ రోడ్ల ఖర్చు గని లాభాల్లోంచే తీరాలి, తీరేదాకా గనికి పన్ను లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ అల్లుడు దానం చెయ్యడానికి కూడా కాస్త ఆలోచిస్తున్నాడు. 2024లో మళ్లీ కూర్చుని, రోడ్ల పద్దును 700 కోట్లకు పెంచారు. ఏటా 32.4 కోట్ల చొప్పున ఇస్తారు, రాగి ధర టన్నుకు 8,000 డాలర్లు దాటి ఉంటేనే సుమా. ఇకపై ఊళ్లో గుంత పూడకపోతే సర్పంచిని కాదు, లోహాల మార్కెట్టును తిట్టాలి.

కాంగో మాత్రం తక్కువ తిందా అంటారు కొందరు. నిజమే, 2018లో చట్టం సవరించి రాగి మీద రాయల్టీని 2 శాతం నుంచి 3.5 శాతానికి పెంచేసింది. ఘోరం జరిగిపోతోందని గని కంపెనీల అధిపతులు స్వయంగా కిన్షాసా వెళ్లి, అధ్యక్షుడు కబీలా ముందు మొర పెట్టుకున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మన గోదావరి జిల్లాల్లో ఎకరం కౌలుకు తీసుకున్న రైతు, గాలివాన వచ్చినా దోమ తిన్నా, ఆసామికి బస్తాలు లెక్కగా కొలవాల్సిందే. నూటికి మూడున్నర గింజలిస్తానంటే అరుగు కూడా ఎక్కనివ్వరు. ఆ రైతు చేసిన పొరపాటు ఒక్కటే, లండన్ స్టాక్ మార్కెట్లో పేరు నమోదు చేయించుకోలేదు.

రాయల్టీ ఒక్కటే కాదు, లాభం మీద పన్ను కూడా ఉందని జ్ఞానులు గుర్తుచేస్తారు. ఉంది. లాభం వస్తే కడతారు. కానీ లాభమనేది చాలా లోతున దొరికే ఖనిజం, దాన్ని తవ్వే యంత్రాలు ఇంకా ఆఫ్రికాకు చేరలేదు. ఈ విద్యలో మనవాళ్లు వెనకబడ్డారని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సరిహద్దు దాటితే జాంబియా. 2004లో అక్కడి కొంకోలా రాగి గనుల్లో 51 శాతం వాటాను వేదాంత కంపెనీ 2.5 కోట్ల డాలర్లకు సంపాదించింది. పదేళ్ల తరవాత బెంగళూరులో ఒక సభలో వేదాంత అధిపతి అనిల్ అగర్వాల్ ఆ బేరం ముచ్చట చెబుతూ, గని ఏటా 50 కోట్ల డాలర్లకు తక్కువ కాకుండా ఇస్తోందని సంబరపడ్డారు. ఆ ఉపన్యాసం జాంబియా చేరి అక్కడివాళ్లు ఉలిక్కిపడ్డారు. వాళ్లకు అప్పటిదాకా వినిపించింది నష్టాల కథ. చూశారా, జాంబియాలో తవ్వితే కనబడని లాభం బెంగళూరులో మైకు పెడితే కనబడింది! 2019లో ప్రభుత్వం కోపం వచ్చి గనిని లాక్కుంది. 2024కల్లా కోపం తగ్గి అదే చేతుల్లో పెట్టింది.

ఇన్ని గొడవలకూ మూలం కాగితమని నా నమ్మకం. కాగితం మీద రాసింది నలుగుతుంది, చిరుగుతుంది, మళ్లీ మళ్లీ దిద్దించుకుంటుంది. మన చాళుక్యులు, రెడ్డిరాజులు ఊరు దానమిస్తే రాగి రేకుల మీద చెక్కించి ముద్ర వేయించేవారు. చివర్లో ఒక శ్లోకం ఉండేది. తానిచ్చినదైనా, ఇతరులిచ్చినదైనా భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని దాని భావం. నేటి గని ఒప్పందాల్లో దీన్ని స్థిరత్వ నిబంధన అంటారు. పురుగుకు బదులు అంతర్జాతీయ మధ్యవర్తిత్వం ఉంటుంది, కాలపరిమితి కొంచెం తక్కువ.

కనుక కాంగో ఇకపై ప్రతి గని ఒప్పందాన్నీ రాగి రేకు మీదే రాయించి, ఆ శ్లోకం చెక్కించాలని నా మనవి. ఇందులో అపహరించినవాడు ఎవరన్నది తేల్చడానికి పారిస్, లండన్ వకీళ్లకు కొన్నేళ్లు పట్టవచ్చు, అది వేరే ఖర్చు. అంతకంటే పెద్ద చిక్కు రేకులతో. కాంగో రాగి కాంగోలో రేకు కాదు. దిమ్మలుగా, పలకలుగా ఓడెక్కుతుంది. ధర లండన్‌లో పలుకుతుంది, సాగగొట్టే మరలు ఇంకెక్కడో ఉంటాయి. కాబట్టి రేకులను డాలర్లిచ్చి దిగుమతి చేసుకోవాలి. అవి జాంబియా మీదుగా కసుంబలేసా సరిహద్దుకు లారీలో రావాలి. అక్కడ కిలోమీటర్ల కొద్దీ, రోజుల తరబడి లారీలు బారులు తీరి ఉంటాయి. ఎదురుగా రాగి మోసుకొస్తున్న వరస ముందు కదలాలి కనుక, రేకుల లారీ కాస్త పక్కకు తప్పుకుని నిలబడాలి.