వాసన రాని ఉల్లి, గ్రూపులో వైద్యం

మా బంధువుల గ్రూపులో మొన్న ఒక ఫొటో వచ్చింది. తలకోన దారిలో తీశారంట. నాలుగు ఆకులు, కింద ఎర్రమట్టి, అంతే. పది నిమిషాల్లో తీర్పొచ్చేసింది: "అడవి ఉల్లి. కిడ్నీలో రాళ్లు కరిగిపోతాయి." ఇంకో అన్న "కాదు, అది నక్క ఉల్లి, వేరే" అన్నాడు. "పువ్వు ఎవరైనా చూశారా?" అని నేనడిగితే ఒక్కరూ పలకలేదు.

అన్నా, మన దగ్గర నక్క ఉల్లన్నా, అడవి ఉల్లన్నా చాలావరకు ఒకదాన్నే అంటారు. దాని శాస్త్రీయ నామం పాత పుస్తకాల్లో అర్జీనియా ఇండికా, ఇప్పుడు డ్రిమియా ఇండికా. అసలు తంటా పేరుతో కాదు, అది ఏడాదంతా ఒకేలా కనపడకపోవడంతో.

చంద్రగిరి పక్కన మా చేని గట్టు మీద ఉంది. మండుటెండల్లో చూస్తే ఆకు ఒక్కటీ ఉండదు. గట్టి నేలలోంచి బెత్తం లాంటి కాడ ఒక్కటే లేచి ఉంటుంది. దాని పొడుగునా ఎడంగా చిన్న పువ్వులు, తలలు వంచుకుని, ఒక్కో రెక్క మధ్యలో మాసిన చార. వానలు పడ్డాక పోతే కాడా లేదు, పువ్వూ లేదు, పొడుగాటి ఆకులు. ఏప్రిల్‌లో చూసినోడూ ఆగస్టులో చూసినోడూ వేరే వేరే మొక్కలని పోట్లాడుకున్నా తప్పు పట్టలేం. కాయ ఎండి పగిలితే నల్లటి గింజలు, కాలిన కాగితం పొరల్లా గాలికి పోతాయి.

అదే గట్టు మీద రెండోది ఉంది, లెడెబౌరియా. చిన్న గడ్డ. ఆకు మీద ఊదా మచ్చలు, కొస నేలకు వాలి ఉంటుంది. ఆకులుండగానే పూస్తుంది, కేసరాలు ఊదా రంగు. మూలికలమ్మేవాళ్లు దీన్నీ అడవి ఉల్లే అంటారు! తెల్లటి పెద్ద పువ్వు, మధ్యలో గిన్నె ఉందంటే అది పాంక్రేషియం, ఇంకో కుటుంబం.

వీటిలో ఏదీ మన ఎర్రగడ్డ, అదే కూరలో వేసే ఉల్లి, జాతిది కాదు. ఉల్లి జాతి ఆకు నలిపితే ఘాటు కొడుతుంది, పువ్వులన్నీ కాడ కొసన బంతిలా వస్తాయి. వీటికి ఆ వాసనే లేదు. అలాగని వీటిని చేత్తో నలిపి చూడొద్దు. నేను గొప్పకు పోయి నక్క ఉల్లి గడ్డ కోసి చూపించబోతే రాత్రంతా చేతులు గోక్కోవడమే సరిపోయింది. లోపల సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. "సరిపోయిందా నీ చదువు!" అని మా అవ్వ కొబ్బరినూనె తెచ్చింది.

దురదైతే తగ్గుతుంది. కానీ ఆ గడ్డలో గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లనే రసాయనాలున్నాయి, మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. మధ్యధరా సముద్రం పక్కన దీని దాయాది ఒకటి పెరుగుతుంది, దాని ఎర్ర రకం గడ్డతో ఎలుకల మందు చేసేవాళ్లు. ఇలాంటి గడ్డను రాళ్లు కరగడానికి పరగడుపున తాగమని గ్రూపులో రాస్తారా? ఇంకోటి, తలకోన నేషనల్ పార్కు లోపలిది. అక్కడ గడ్డ తవ్వితే కేసవుతుంది.

నిన్న మామ ఫోన్ చేశాడు. "మన గట్టు మీది గడ్డ తెచ్చి కుండీలో పెట్టినా. ఏ రకమో చెప్పు."

"ఆకు మీద మచ్చలున్నాయా మామా?"

"ఆకులు అడ్డమని కోసేసినా గదా!"

ఉండనీ మామా. వానలు ఆగినాక నీళ్లు ఆపేయ్, లేకపోతే కుళ్లిపోతుంది. ఎండాకాలంలో కాడ లేస్తే అప్పుడు ఫొటో పెట్టు. అందాకా ఆ కుండీ వంటింటి గుమ్మం దగ్గర మాత్రం వద్దు.