మురుగు ఎటు పోవాలి?

పల్లెలకు కుళాయి నీళ్లు ఇచ్చేటప్పుడు ప్రభుత్వాలు లెక్కలు బాగానే వేసుకున్నాయి. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంది. తెలంగాణలో మిషన్ భగీరథ పల్లెల్లో 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. వాడిన నీళ్లలో ముప్పావు వంతు దాకా మళ్లీ మురుగై బయటికొస్తుందన్నది ఇంజినీర్లకు తెలిసిన లెక్కే. 55 లీటర్ల లెక్కనే తీసుకున్నా, 2 వేల జనాభా ఉన్న ఊళ్లో రోజుకు 80 వేల లీటర్లకు పైమాటే. అదంతా ఎటు పోవాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

పంచాయతీలకు తెలిసిన జవాబు సీసీ డ్రైను. పని కంటికి కనిపిస్తుంది, బిల్లూ అవుతుంది. కానీ సిమెంటు కాలువ మురుగును శుద్ధి చేయదు, మన గుమ్మం ముందు నుంచి ఇంకొకరి గుమ్మం ముందుకు తోస్తుందంతే. చాలా ఊళ్లలో ఆ పల్లపు చివర ఉండేది దళితవాడో, చెరువో.

మరుగుదొడ్ల సంగతి ఇంకా ఘోరం. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఇంకుడు గుంతలోకి వెళ్లాలి. జాగా లేదనో, ఖర్చనో ఆ పైపును సైడు కాలువలోకి పెట్టేస్తున్నారు. బహిరంగ మలవిసర్జన లేని గ్రామమని బోర్డు పెట్టుకున్న ఊళ్లోనే మలం కాలువల్లో పారుతోంది! డెంగీ దోమ పెరిగేది మంచినీళ్లలో కనుక ఆ నింద మురుగు మీద వేయలేం. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకు మాత్రం మురుగే పుట్టిల్లు.

గిన్నెలు తోమిన నీళ్లు, స్నానం నీళ్లు ఇంటి దగ్గరే ఇంకిపోతే సమస్య సగం తీరినట్టే. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా పల్లెలు, మన సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడు గుంతలతో ఆ పని చేసి చూపించాయి. గుంతకు ముందు చిన్న తొట్టి ఉండాలి. జిడ్డు, మెతుకులు అందులో ఆగుతాయి. ఎప్పటికప్పుడు దాన్ని ఎత్తిపోయకపోతే గుంత పూడుకుపోతుంది. గుంత తవ్వించి ఫొటో తీసుకున్న అధికారులు ఈ సంగతి ఇంటావిడకు చెప్పిన దాఖలాలు తక్కువ.

అయితే ఇంకుడు గుంత అన్ని చోట్లా పనికిరాదు. నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. కోనసీమలో కొద్దిగా తవ్వితేనే ఊట తగులుతుంది, అక్కడ గుంత తవ్వితే మురుగును నేరుగా భూగర్భ జలంలో కలిపినట్టే. అలాంటి ఊళ్లకు పంజాబ్‌లోని సీచేవాల్ పద్ధతి ఆలోచించదగ్గది. మురుగును పైపుల్లో ఊరి బయటికి తెచ్చి, వరుస బావుల్లో మడ్డి దించి, చెరువులో ఎండకు, గాలికి తేర్చి పొలాలకు పారిస్తారు. కరెంటుతో నడిచే శుద్ధి యంత్రాలు అమ్మజూపేవాళ్లను మాత్రం నమ్మొద్దు. వీధి దీపాల బిల్లే కట్టలేని పంచాయతీ ఆ మోటార్లు ఎన్నాళ్లు తిప్పుతుంది?

డబ్బు అసలే లేదనడానికి లేదు. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ 5 వేల లోపు జనాభా ఊళ్లకు మురుగునీటి పనుల కోసం తలకు 280 రూపాయల దాకా అనుమతించింది. పెద్ద మొత్తమేమీ కాదు, 2 వేల మంది ఊరికి 5.6 లక్షలు. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలోనూ 30 శాతం పారిశుధ్యానికే కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కడమూ చూశాం. నిధులను పంచాయతీ ఖాతాలోనే ఉంచాలి. నీరు చివరికి ఎక్కడ చేరుతుందో అంచనాలో రాయని డ్రైను పనికి ఇంజినీరు సంతకం పెట్టకూడదు. మరుగుదొడ్డి పైపు కాలువలో ఉన్న ఇళ్లకు ఊరి ఖర్చుతోనైనా గుంతలు తవ్వించి ఆ పైపులు ముందు మూసేయాలి.