సవరణకు చోటివ్వని స్వీయ నియంత్రణ

పత్రికల స్వీయ నియంత్రణపై విజయవాడలో ఎప్పుడు చర్చ జరిగినా, పత్రికలపై ఫిర్యాదులు విచారించే చట్టబద్ధ సంస్థ ప్రెస్ కౌన్సిల్‌కు కోరలు లేవన్న మాట దగ్గరే అది ఆగిపోతుంది. నిజమే, 1978 చట్టం దానికి హెచ్చరించే, మందలించే, అభిశంసించే అధికారాలే ఇచ్చింది. టీవీ చానళ్లు దాని పరిధిలోనే లేవు. చానళ్లు తమకు తామే ఏర్పరచుకున్న సంస్థ విధించే లక్ష రూపాయల జరిమానా ఏ మూలకని 2023లో సుప్రీంకోర్టే ప్రశ్నించింది.

అయితే కోరలకన్నా ముందు కావలసింది సవరణ. జిల్లా ఎడిషన్‌లో పతాక శీర్షికతో నిందకు గురైన తెనాలి గుమాస్తా నిర్దోషి అని తేలితే, ఆ వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించుకుపోతుంది. అతడు అడగబోతే శీర్షిక డెస్క్ (వార్తలు దిద్దే విభాగం) పెట్టిందని విలేకరి, విలేకరి పంపిందే వేశామని డెస్క్, అభ్యంతరముంటే కోర్టుకు వెళ్లమని యాజమాన్యం చెబుతాయి. ‘ది హిందూ’ 2006లోనే పాఠకుల ఫిర్యాదులు పరిశీలించే రీడర్స్ ఎడిటర్‌ను నియమించి, తప్పొప్పులను రోజూ ఒకే చోట ప్రచురించే పద్ధతిని నిలబెట్టింది. దానివల్ల ఆ పత్రిక గౌరవం తగ్గలేదు. తప్పు ఏ పేజీలో వచ్చిందో సవరణా ఆ పేజీలోనే, అంతే ప్రముఖంగా రావాలనడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

జవాబుదారీతనం పేరుతో ప్రభుత్వం చొరబడుతుందన్న భయం అకారణం కాదు. ఎమర్జెన్సీలో ప్రెస్ కౌన్సిల్‌నే రద్దు చేశారు. 2019లో మన రాష్ట్రంలో వచ్చిన జీవో 2430 వార్తలపై కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు కట్టబెట్టింది. పత్రికలు తమ తప్పులను తామే దిద్దుకోవాలనడానికి ఇంతకన్నా బలమైన కారణం ఏముంటుంది?

అసలు జబ్బు మండల స్థాయిలో ఉంది. నెలజీతం లేకుండా, లైన్ల లెక్కన అందే కొద్దిపాటి డబ్బుతో, పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి మధ్య పనిచేసే కంట్రిబ్యూటర్ (మండల విలేకరి), పొద్దున ప్రకటన అడిగిన నాయకుడిపై సాయంత్రం నిష్పాక్షికంగా ఎలా రాయగలడు? 2009 ఎన్నికల చెల్లింపు వార్తలపై (డబ్బు తీసుకుని వార్తల్లా వేసిన ప్రచారంపై) ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం సభ్యులు కె.శ్రీనివాస్ రెడ్డి, పరంజయ్ గుహ ఠాకుర్తా ఇచ్చిన నివేదిక పత్రికల పేర్లతో సహా 2010లో సిద్ధమైతే, ప్రెస్ కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో, అది పూర్తిగా వెలుగు చూసింది. నాడు పేర్లు దాచింది యాజమాన్యాల కోసం. నేటికీ తప్పు బయటపడితే వేటు పడేది కంట్రిబ్యూటర్ మీదే. జీతమివ్వకుండా ప్రకటనలు తెప్పించుకున్న యాజమాన్యం అతణ్ని తొలగించి చేతులు దులుపుకొంటుంటే, విజయవాడ, గుంటూరు జర్నలిస్టు సంఘాలు ఇకనైనా ఊరుకోకూడదు.