పెద్దసారు ఎవరి గురువు?

కార్తీక వనభోజనాల రోజున బెంగళూరులోని మన సంఘం మా ఊరి బడి హెడ్మాస్టరు పెద్దసారుకు సంతాపం తెలిపిన తీరు నన్ను ఇంకా వదలడం లేదు. దీపావళి వారంలో ఆయన పోయారు. ఆ తర్వాతి ఆదివారం తోటలో ఉసిరి చెట్టుకు పూజ అయింది, పిల్లల ఆటలు అయ్యాయి, తంబోలా చీట్లు పంచుతుండగా మైకులో ప్రకటన వచ్చింది. ముఖ్య అతిథిగా వచ్చిన ఐటీ పెద్ద పేరు చెప్పి, హోదా చెప్పి, కంపెనీ చెప్పి, "వారి గురువుగారు పరమపదించారు, ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం" అన్నారు. సారు ఇంటిపేరు కూడా తప్పు చదివారు. మేము తల వంచి ఎత్తేలోగా తంబోలా మొదటి నంబరు పిలిచేశారు. ఆ చెట్ల కింద కనిగిరి వైపు వాళ్లం ఒక బస్సుకు సరిపడా ఉన్నాం. చాలామందిమి ఆయన చేత్తో టీసీ తీసుకున్నవాళ్లమే.

కార్యవర్గాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తోట వాళ్లు ఐదింటికల్లా ఖాళీ చెయ్యమంటారు, సర్జాపూర్ నుంచీ యలహంక నుంచీ వచ్చినవాళ్లు చీకటి పడకముందే బయల్దేరాలి, చిన్నపిల్లలు గోల పెడతారు. నిమిషం అరనిమిషమైనందుకు నాకు పట్టింపు లేదు. ఆయన్ని పరిచయం చేసిన పద్ధతే నాకు ముల్లులా గుచ్చుకుంది. ఒక ఊరి బడిని అన్నేళ్లు నడిపిన మనిషిని ఒక ఉద్యోగి హోదాకు తోకగా కట్టారు.

ప్రతి సెప్టెంబరు 5న మన వేదిక మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ కథ ఒకటి తప్పకుండా చెప్పుకుంటాం. 1921లో ఆయన మైసూరు విశ్వవిద్యాలయం వదిలి కలకత్తా వెళ్తుంటే, విద్యార్థులు బండికి కట్టిన గుర్రాలను విప్పేసి తామే స్టేషను దాకా లాక్కెళ్లారని. మనం ఉంటున్న రాష్ట్రంలో జరిగిన కథ కాబట్టి మనకు మరింత ఇష్టం. ఆ బండి లాగిన కుర్రాళ్లు తర్వాత ఏ ఉద్యోగాల్లో స్థిరపడ్డారో మనం ఎప్పుడైనా అడిగామా? అడగలేదు, అవసరం లేదు కూడా. మరి మన ఊరి హెడ్మాస్టరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన శిష్యులు ఏ దేశంలో ఉన్నారన్నదే మొదటి ప్రశ్న ఎందుకవుతోంది?

పెద్దసారు నెల్లూరు జిల్లా పరిషత్తు కింద ఉద్యోగంలో చేరారు. 1970లో మా తాలూకాను కొత్త జిల్లాలో కలిపారు, ఆ జిల్లాకే రెండేళ్లకు ప్రకాశం అని పేరు పెట్టారు. మొత్తానికి ఆయన ప్రకాశం జిల్లాలో 58 ఏళ్లకు రిటైరయ్యారు. మధ్యలో కందుకూరుకు బదిలీ వస్తే రద్దు చేయించుకున్నారని మా నాన్న చెప్పేవాడు. కరువు ప్రాంతం నుంచి పోవడానికి పైరవీలు చేసేవాళ్లను చూశాం గానీ ఉండిపోవడానికి చేసిన మనిషి ఆయనొక్కడే.

పొగాకు పండే ఊళ్ల వాళ్లకు నేను చెప్పబోయేది విడమరచి చెప్పక్కర్లేదు. మా వైపు రెలుపు, అంటే పొగాకు కోత, జనవరిలో మొదలై మార్చి దాకా సాగుతుంది. పబ్లిక్ పరీక్షలూ అప్పుడే. ఆకును వేడితో ఎండబెట్టే బ్యారన్ కాలుతున్నన్నాళ్లూ ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి, ముందు ఆగేది ఆడపిల్లల బడి. నేను పదో తరగతిలో ఉన్న ఏడు నన్నూ, మా మేనమామ కూతుర్నీ (నాకు వదిన వరస) పచ్చాకు కర్రలకు కట్టే పనిలో కూర్చోబెట్టారు. ఒక మధ్యాహ్నం పెద్దసారు సైకిల్ మీద బ్యారన్ దగ్గరికే వచ్చేశారు. మా ఇద్దరి చేతులూ ఆకు జిగురుతో నల్లగా ఉన్నాయి. ఆయన మా వంక చూడలేదు, నేరుగా నాన్న దగ్గరికి వెళ్లారు.

"ఆడపిల్ల గదా సారూ, ఈ రెణ్ణెల్లు గడిస్తే పంపిస్తా" అన్నాడు నాన్న.

"రెణ్ణెల్లకు నీ బ్యారనూ చల్లారుద్ది, దాని పరీక్షా అయిపోద్ది. మళ్లీ పంపించేది ఎక్కడికయ్యా?" అన్నారాయన.

నాన్న ఒప్పుకున్నాడు. మామ ఒప్పుకోలేదు, వదినకు అప్పటికే ఊళ్లోనే సంబంధం కుదిరింది. వేసవిలో పెళ్లైపోయింది. నాకు హాజరు తక్కువైతే కండొనేషన్ ఫీజు సారే కట్టారు, అది నాన్నకు చాలాకాలం తెలియదు. నేను పాసై ఒంగోలు వెళ్లాను, అక్కడి నుంచి ఈ ఊరు వచ్చాను. మన వేదిక మీద చెప్పుకునే కథలు ఇక్కడితో ఆగిపోతాయి.

పెద్దసారు ఆగలేదు. వదిన అత్తగారింటికి వెళ్లి, ప్రైవేటుగా పరీక్ష కట్టించమని వాళ్లను అడిగారు. పొమ్మన్నారు. మళ్లీ వెళ్లారు. చంటిబిడ్డను చంకనేసుకుని ఆమె సాయంత్రాలు బడి వరండాలో లెక్కలు చేసుకునేది. ఒకసారి తప్పింది, రెండోసారి ఇంగ్లీషు పోయింది, చివరికి గట్టెక్కింది. ఇవాళ ఆమె మా ఊరి అంగన్‌వాడీ టీచరు. ఊళ్లో రెండు తరాల పిల్లలు ఆమె దగ్గరే పలక పట్టారు. ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాళ్ల పేర్లు ఆఫీసు గదిలో బోర్డు మీద ఉండేవి. తప్పినవాళ్ల పేర్లు మాత్రం సారుకు నోటికి వచ్చు.

ఇంకొకటి చెప్పాలి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మా నీళ్ల వల్ల మా పళ్లు గోధుమరంగు చారలతో ఉండేవి. పదో తరగతి గ్రూపు ఫోటోలో అందరం నోరు మూసుకుని నిలబడితే, ఆయన ఫోటోగ్రాఫరును ఆపి, అది మీ తప్పు కాదు, నీళ్ల దోషం, నీళ్లు మారితే మీ పిల్లలకు ఉండదు అని నిలబెట్టి పాఠం చెప్పారు. ఆ ఫోటోలో సగం మందిమి నవ్వుతున్నాం.

రిటైరయ్యాక కొడుకు దగ్గర మారతహళ్లిలో కొంతకాలం ఉండి, తిరిగి ఊరికి వెళ్లిపోయారు. ఊళ్లో పింఛను అర్జీలు, బ్యాంకు కాగితాలు, పొలం పాసుపుస్తకాల తగాదాలు ఆయన అరుగు మీదికే వచ్చేవి. చివరి రోజుల్లో రాత్రి పూట ఆయనకు జావ కాచి ఇచ్చింది వదినే.

మన ఊళ్లు మాత్రం తక్కువేమీ కావు. పెద్దకర్మకు కట్టిన ఫ్లెక్సీలో సారు బొమ్మ కన్నా నాయకుల బొమ్మలు పెద్దవి. ఆయన మావాడంటే మావాడని కులం లెక్క తీసినవాళ్లూ ఉన్నారు, ఆయన ఆ లెక్కకు ఏనాడూ లొంగకపోయినా. అయినా ఆ రోజు కాలనీ నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి పిలవకుండా వచ్చిన జనం పందిట్లో పట్టక రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లలో ఒక్కరికీ మైకు అందలేదు.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. సంస్మరణ సభ బెంగళూరులో వద్దు, బడి ఆవరణలో పెడదాం. సంక్రాంతికి మడివాళలో బస్సెక్కి ఎలాగూ పోతాం, ముక్కనుమ నాడు ఒక పూట ఇద్దాం. శాలువాలు వద్దు, జ్ఞాపికలు వద్దు. ఊళ్లో ఉన్నవాళ్లు మాట్లాడాలి, మనం బల్లల మీద కూర్చుని వినాలి. ముఖ్య అతిథిగా వచ్చిన ఆ శిష్యుడు కూడా రావాలి, మనతో పాటే కూర్చోవాలి. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ పరిచయం ఆయన రాసుకున్నది కాదు. ఊళ్లోవాళ్లు చెప్పింది రికార్డు చేసి, ఈ పత్రిక ఉగాది సంచికలో సగం పేజీలు దానికే కేటాయించాలి. అప్పటి అటెండరుకు, డ్రాయింగు మాస్టారుకు ఎనభై దాటాయి. ఇంకో ఏడాది చూద్దామనే వెసులుబాటు లేదు.

బడిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి, చెదలు పట్టకముందే ఇప్పటి హెడ్మాస్టరు గారి అనుమతితో ఫోటోలు తీయించాలి. పుట్టిన తేదీ తెలియని తల్లిదండ్రుల పిల్లలకు సారు లెక్కగట్టి రాసిన తేదీలే ఇవాళ మనలో చాలామంది పాస్‌పోర్టుల్లో ఉన్నాయి.

రాదలచినవాళ్లు డిసెంబరు నెలాఖరులోగా కార్యదర్శి గారికి పేర్లివ్వండి. బస్సు మాట్లాడే పని నేను చూసుకుంటాను. వదినకు ఫోన్ చేసి మొదట నువ్వే మాట్లాడాలన్నాను. సంక్రాంతి సెలవుల్లో బడి తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని చెప్తానంది.