పరమాన్నం మీద అనుమానం

(శ్రీకాకుళంలో ఒక పెంకుటిల్లు. శుక్రవారం సాయంత్రం. ఏడో నెల నడుస్తున్న మనవరాలికి ఆదివారం అరసవల్లిలో అన్నప్రాశన. రిటైరైన లెక్కల మాస్టారు పైడిరాజు మంచం మీద కూర్చుని ఫోను ముక్కుకు ఆనించుకుని చదువుతున్నారు. పక్కనే పొట్లంలో వేడి మిరపకాయ బజ్జీలు. కింద చాప మీద పాప. సూరమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.)

పైడిరాజు: ఆ బియ్యం ఏరడం ఆపు సూరమ్మా. పాపకు అన్నం వద్దు.

సూరమ్మ: అన్నప్రాశనకు అన్నం వద్దా? మరి ఏం పెడదాం, మీ ఉపన్యాసమా?

పైడిరాజు: బియ్యంలో ఆర్సెనిక్ ఉంటుందట. పాషాణం! మడిలో నీళ్ళు నిలిస్తే వరి దాన్ని మట్టిలోంచి తెగ పీల్చుకుంటుందట. పసిపిల్లల బియ్యప్పిండిలో వంద కోట్ల పాళ్ళకు నూరు పాళ్ళు మించకూడదని అమెరికా వాళ్ళు 2020లో హద్దు కూడా పెట్టారు.

సూరమ్మ: మీ అన్నప్రాశనకు మీ అమ్మగారు ఏం పెట్టారు?

పైడిరాజు: పరమాన్నమే.

సూరమ్మ: అరవై ఎనిమిదేళ్ళుగా పాషాణం తింటూ కూడా వీధి చివరి దాకా వినిపించే ఈ గొంతు ఎలా మిగిలిందో!

పైడిరాజు: వెటకారం వద్దు, లెక్క చూడు. నేను డెబ్బై కిలోలు, పాప ఏడు. కిలోకి ఇంత అని లెక్క కడితే తను మనకన్నా ఎక్కువ తింటుంది. కాలేయం, మూత్రపిండాలు ఇంకా పని నేర్చుకుంటున్నాయి. మెదడు పెరిగే వయసు. పెద్దవాళ్ళకు చుక్క అయింది తనకు చెంబెడు.

(ఇది నిజమే కాబట్టి సూరమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ ఇంట్లో అది అరుదు.)

సూరమ్మ: సరే, వార్చి వండుతాను. ఎసరు ఎక్కువ పోసి గంజి వంపేస్తే దాదాపు సగం పోతుందని అమ్మాయి చదివింది. వార్చుకుని తినే ఇంటికి గ్యాసు ఆదా అని కుక్కరు మోసుకొచ్చింది ఎవరు?

పైడిరాజు: గంజితో పాటు బలమూ పోతుంది.

సూరమ్మ: ఉంచితే విషం, వంపితే బలం! రోజూ అన్నమే ఎందుకు, మర్నాటి నుంచి చోడి జావ, అదే రాగి జావ, కూడా పడతాను. ఒక్క గింజనే పట్టుకు వేలాడకపోతే సరి.

పైడిరాజు: అసలు చిక్కు పాలలో ఉంది. పొలాల్లో డీడీటీ పురుగుమందు వాడవద్దని 1989లోనే ఆపారు. అయినా తల్లిపాలలో ఇంకా జాడలు దొరుకుతున్నాయి. కొవ్వులో దూరిందంటే ఏళ్ళ తరబడి కదలదట, మీ తమ్ముడిలాగా. అందుకని డబ్బా పాలు...

సూరమ్మ: (చేట కింద పెట్టి) ఆ మాట అమ్మాయి చెవిన పడిందో, మీకు ఈ పూట అన్నం లేదు, జావా లేదు. 2008లో చైనా పాలపొడి గొడవ టీవీలో చూసి మూడు రోజులు టీ మానేసింది ఎవరు?

పైడిరాజు: అది వేరు. నీళ్ళు కలిపిన పాలలో మెలమైన్ అని ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం కలిపారు. అందులో నైట్రోజన్ ఎక్కువ, పరీక్షలో మాంసకృత్తులు బోలెడు ఉన్నట్టు కనబడుతుంది. స్లిప్పులు పెట్టి ఫస్టు క్లాసు కొట్టినట్టు.

సూరమ్మ: ఆ ఫస్టు క్లాసుకు మూడు లక్షల మంది పసివాళ్ళు జబ్బు పడ్డారని, ఆరుగురు పోయారని చెప్పింది మీరే. జాడలున్నా తల్లిపాలే మేలని, మానవద్దని డాక్టరమ్మ చెప్పింది. మన జిల్లా ఉద్దానంలో అంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పెద్దపెద్ద డాక్టర్లే ఇదీ కారణమని తేల్చలేకపోతుంటే, మీరు నులక మంచం మీద కూర్చుని అన్నీ తేల్చేస్తున్నారు.

పైడిరాజు: మరి మొన్న పాప నాలుక మీద వసకొమ్ము అరగదీసి రాసింది ఎవరు? అమెరికాలో 1968లోనే దాన్ని తిండిలో వాడకూడదన్నారు.

సూరమ్మ: (గొంతు తగ్గించి) మాటలు త్వరగా వస్తాయని... ఇంక రాయనులెండి. మీ అమ్మగారు మీకు కొమ్ము కొమ్మంతా మింగించి ఉంటారు. సంతలో డబ్బా కాటుక కొన్నది మాత్రం మీరు. కొన్నిటిలో సీసం ఉంటుందట. అదే సీసం మనం మింగినా పసివాళ్ళ ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందట. పాప కళ్ళు నులుముకుని ఆ చెయ్యి నోట్లోనే పెట్టుకుంటుంది.

పైడిరాజు: నీకెవరు చెప్పారు?

సూరమ్మ: ఫోను మీ ఒక్కరికే ఉందా? డబ్బా పారేశాను. ఇంకొకటి కూడా చదివాను. వేడి తిండి అచ్చు కాగితంలో చుట్టవద్దు, సిరాలో మందులుంటాయి అని కేంద్ర ఆహార భద్రతా సంస్థ వారు 2016లోనే చెప్పారట. ఆ బజ్జీలు దేంట్లో కట్టించుకొచ్చారు?

పైడిరాజు: అది... నిన్నటి పేపరు. అవునూ, పొట్లం ఏది?

(ఇద్దరూ కిందికి చూశారు. బజ్జీలు చాప మీద దొర్లుతున్నాయి. పాప బోర్లా పడి, నూనె కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఏకాగ్రతతో నములుతోంది.)

పైడిరాజు: అయ్యో! లాగు, లాగు! ఎంత మింగింది?

సూరమ్మ: (నోట్లో వేలు పెట్టి వెదికి) ఏమీ మింగలేదు. మీ రాశిఫలాలు మాత్రం తడిసిపోయాయి.

పైడిరాజు: ఆదివారం పుస్తకం, బంగారం, కలం అన్నీ ముందు పరుస్తామా, ఇది ఇప్పుడే పేపరు పట్టేసింది. విలేకరి అవుతుందంటావా?

సూరమ్మ: ముందు దాని చేతులు కడగండి. మీవి కూడా.